ఎగిరిన బండి ఎక్కడ దిగింది?

వ్యాపార సినిమా మీదా, టెలివిజన్ మీదా మన పత్రికల్లో విమర్శ తక్కువేమీ రాలేదు. కథల్లోని వర్గ స్వభావాన్ని విప్పి చూపాం. ఒక్కడే వందమందిని కొట్టే నాయకుడి వెనకవున్న వ్యక్తివాదాన్ని ఎండగట్టాం. ప్రేక్షకుణ్ణి మాత్రం మత్తుమందు మింగినవాడి కింద జమకట్టి వదిలేశాం. తెరమీద బండి గాల్లోకి లేచినప్పుడు అతను ఈల వేశాడు, కనక మోసపోయాడు - ఇదీ మన తీర్పు. ఈల వేసినవాడు బయటికొచ్చి, హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని, ఆ బండి గురించే అరగంటసేపు ఏం మాట్లాడతాడో వినే ఓపిక మనకు లేకపోయింది. ఈ వ్యాసం ఆ అరగంట గురించి.

హైదరాబాదు సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్ని తప్పకుండా తలుచుకుంటారు. మఖ్దూం మొహియుద్దీన్ కూచున్న చోటు గనక తలుచుకోవలసిందే. అదే కాలంలో, ఆ తర్వాత కూడా, మూసీకి ఇవతల పత్తర్‌గట్టీలో, యాకుత్‌పురాలో, చార్మినార్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్ళలో కూచున్నవాళ్ళు ఎవరు? ఆటో నడిపేవాళ్ళు, మోటారు మెకానిక్కులు, డెంటింగ్, వెల్డింగ్ పనివాళ్ళు, లారీ క్లీనర్లు, సైకిల్ షాపు కుర్రాళ్ళు. వాళ్ళు కవిత్వం మాట్లాడుకోలేదని మనం అనుకుంటాం. ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

వాళ్ళు చూసిన బొమ్మల చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. సికింద్రాబాదు సంగీత్‌లో ఇంగ్లీషు సినిమాలు, యాకుత్ మహల్‌లో హిందీ సినిమాలు వుండనే వున్నాయి. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1970ల నుంచి పాతబస్తీ యువకులు వేల సంఖ్యలో గల్ఫ్ దేశాలకు పోయారు. తిరిగి వచ్చినవాళ్ళ పెట్టెల్లో టూ-ఇన్-వన్‌తో పాటు వి.సి.ఆర్. కూడా వచ్చింది. ఒక్క వి.సి.ఆర్. వున్న ఇంట్లో గల్లీ అంతా కూచుని తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసిన కాలం అది. ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. కారు వెంట కారు పడితే అర్థం కావడానికి వ్యాకరణం అక్కర్లేదు. 1985లో అమెరికాలో 13 భాగాలతోనే ఆగిపోయిన 'స్ట్రీట్ హాక్' సీరియల్ మన దూరదర్శన్‌లో వచ్చి, ఇక్కడి కుర్రాళ్ళను అక్కడి కంటే ఎక్కువగా వెర్రెక్కించింది. పాతబస్తీ సైకిలుకు కూడా ఆ నల్ల మోటార్‌సైకిల్ పేరే పెట్టుకున్నారు. కేబుల్ వచ్చాక 'నైట్ రైడర్' మాట్లాడే కారు, ఆ తర్వాత 2004లో 'ధూమ్', 2008 నుంచి 'ఖత్రోంకే ఖిలాడీ' - ఈ వరస తెలిసిందే.

ఇక మాటల సంగతి. దక్కనీలో 'ఫేక్నా' అంటే విసరడం. గొప్పలు విసిరేవాడు 'ఫేకూ'. తన కళ్ళెదుట కారు మూడంతస్తులు దూకిందని ఒకడు విసురుతాడు. అది మూడు కాదు, ఐదని ఇంకొకడు అందుకుంటాడు. 'ది అంగ్రేజ్' సినిమా ఈ ఫేకడాన్ని వినోదంగా మార్చి, పాతబస్తీ భాషను దేశమంతటికీ చేర్చింది. నాకు ఆ సినిమా నచ్చింది కూడా. అయితే అందులో కబుర్లు చెప్పేవాళ్ళకు పనీపాటా వున్నట్టు కనబడదు. మాటకారితనం సోమరితనానికి గుర్తని మధ్యతరగతి ఎప్పుడూ అనుకునే మాటనే అది నవ్వుతూ మళ్ళీ అంది. నిజానికి ఆ టేబుళ్ళ దగ్గర ఎక్కువమంది పది గంటలు పనిచేసి వచ్చినవాళ్ళు. చేతుల గ్రీజు సబ్బుతో పోక, గోళ్ళ కింద వుండగానే కప్పు పట్టుకునేవాళ్ళు.

గమనించవలసిన విషయం ఇక్కడే వుంది. ఫేకడం కాసేపు నడిచాక ఆ టేబుల్ దగ్గర ఒక ప్రశ్న లేస్తుంది: 'కైసా కరే మియా?' - ఎలా చేశారు? ఇంకాసేపటికి మెకానిక్ ఎవడో రెండో ప్రశ్న వేస్తాడు: 'గాడీ కిధర్ ఉత్రీ?' - బండి ఎక్కడ దిగింది? మొదటి ప్రశ్న మన తెలుగువాళ్ళకు పాతదే. 'మాయాబజార్' వచ్చి (1957) ఇన్నేళ్ళయినా, లడ్డూలు వాటంతటవే ఎస్.వి. రంగారావు నోట్లోకి ఎలా పోయాయని అడగని ఇల్లు లేదు. సురభి వారి నాటకాలు చూసినవాళ్ళు తీగె కనిపించిందా లేదా అని ఇంటిదాకా వాదించుకుంటూ పోయేవారు. మాయను చూసి ఆనందించడం, ఆ మాయ ఎలా జరిగిందో అడగడం - ఈ రెంటికీ మన ప్రజల్లో విరోధం లేదు. విరోధం వుందనుకున్నది విమర్శకులే.

రెండో ప్రశ్న అలాంటిది కాదు. అది కుతూహలం కొద్దీ పుట్టింది కాదు, వృత్తి లోంచి పుట్టింది. బండి లేవడం అందరూ చూస్తారు. దిగిన తర్వాత షెడ్డుకు వచ్చేది మెకానిక్ దగ్గరికే. ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే స్టంటు ఎలా చేస్తారో కొంచెం వివరంగా తెలుసుకోవాలి. సాహిత్య విద్యార్థులకు ఇది పనికిరాని శాస్త్రంలా కనిపించవచ్చు, ఓపిక పట్టాలి.

మొదట వేగం. తెరమీద కనిపించే వేగంలో సగం కెమెరాది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. కెమెరాలో 20 ఫ్రేములే తీసి 24 లెక్కన చూపితే 60 కిలోమీటర్ల బండి 72 కిలోమీటర్ల బండి అవుతుంది. కెమెరాను రోడ్డుకు జానెడు ఎత్తున పెడితే అదింకా రెట్టింపు అనిపిస్తుంది. ఆపైన చప్పుడు. మట్టిరోడ్డు మీద మలుపు తిరిగే కారుకు కూడా తారురోడ్డు మీద టైరు చేసే కీచుమోత అతికిస్తారు. మట్టిమీద టైరు అరవదని ఆటో నడిపేవాడికి ఒకరు చెప్పాలా? 1968 నాటి 'బుల్లిట్' సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దాదాపు 11 నిమిషాలు నడిచే వెంటాట ప్రపంచ ప్రసిద్ధం. దాని ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ వెంటాటలో ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వాగన్‌ను కార్లు పదే పదే దాటేస్తాయి. విలన్ కారుకు వున్న చక్రాలు నాలుగే, ఊడి దొర్లిన హబ్‌క్యాపులు అంతకంటే ఎక్కువ. ఇలాంటివి లెక్కబెట్టడం అన్ని దేశాల అభిమానులకూ ఆటే. ఈ ఆటను చిన్నచూపు చూడనక్కర్లేదు. ఒకే సంఘటనను నాలుగుసార్లు తీసి, నాలుగు ముక్కల్ని నాలుగు సంఘటనలుగా అతికించారని కనిపెట్టడమంటే ఎడిటింగ్ అంటే ఏమిటో కనిపెట్టడమే. పాఠ్యపుస్తకం చదవకుండా కనిపెట్టారంతే.

ఇక తిప్పడాలు. చేతిబ్రేకు మలుపు తేలికగా అర్థమవుతుంది. చేతిబ్రేకు సాధారణంగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. స్టీరింగు ఒక పక్కకు తిప్పి బ్రేకు లాగితే వెనక చక్రాలు తిరగడం మానేసి జారుతాయి. జారే చక్రానికి పక్కపట్టు వుండదు. కారు వెనకభాగం విసురుగా చుట్టూ వచ్చేస్తుంది. రెండోది రివర్సులో పోతూ తిరిగేది. అమెరికన్ టెలివిజన్‌లో 'ది రాక్‌ఫర్డ్ ఫైల్స్' (1974-80) దీన్ని ఎంత వ్యాప్తి చేసిందంటే అక్కడ దానికి ఆ సీరియల్ పేరే పడిపోయింది. కారును వెనక్కు గట్టిగా నడిపి, యాక్సిలరేటర్ మీది కాలు ఒక్కసారిగా తీసి, స్టీరింగు పూర్తిగా తిప్పేస్తారు. బరువంతా పోతున్న దిక్కుకు, అంటే వెనక చక్రాల మీదికి ఒరుగుతుంది. ముందుభాగం తేలికై గిర్రున తిరిగి వస్తుంది. ఆ తిరుగుడులోనే గేరు మార్చి, ఆగకుండా ముందుకు పోతారు. రెంటిలోనూ కీలకం వేగం కాదు, బరువు. బరువు ఏ క్షణాన ఏ చక్రం మీద వుందో డ్రైవరు తన నడుముతో తెలుసుకుంటాడు. చార్మినార్ దగ్గర ఆరుగురిని ఎక్కించుకుని మూడు చక్రాల బండిని మలుపు తిప్పే ఆటోవాలాకు ఇది కొత్త విద్య కాదు. చెన్నై ఆటోడ్రైవర్ జగదీష్ 2011లో ఆటోను రెండు చక్రాల మీద లేపి 2.2 కిలోమీటర్లు నడిపి గిన్నిస్ రికార్డు సాధించాడు. ఉదయపూర్‌లో తీసిన బాండ్ సినిమా 'ఆక్టోపసీ' (1983) ఆటోల వెంటాటను విదేశీయులకు వింతగా చూపించింది. పాతబస్తీవాళ్ళకు మాత్రం, జేమ్స్ బాండ్ కూడా కడకు మన బండే ఎక్కాడన్న తృప్తి మిగిలింది.

అసలు సంగతి ఎగరడం. కారు ఒక వాలుబల్ల ఎక్కి గాల్లోకి పోతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగం, 15 డిగ్రీల వాలు అనుకుందాం. హైస్కూలు లెక్క ప్రకారం అది సుమారు 20 మీటర్ల దూరం పోతుంది. ఎత్తు మాత్రం మీటరున్నర కూడా లేవదు. తెరమీద మేడమీదుగా పోయినట్టు కనిపించడానికి కారణం గుంట తవ్వి అందులో పెట్టిన కెమెరా. ఇంజను ముందు వుండటం వల్ల గాల్లో కారు ముక్కు కిందికి వాలుతుంది. అందుకని డిక్కీలో ఇసుకో, కాంక్రీటో నింపుతారు. 'డ్యూక్స్ ఆఫ్ హజార్డ్' (1979-85) అనే అమెరికన్ సీరియల్‌లో ప్రతివారం ఎగిరే నారింజరంగు కారు ఒక్కటేనని చూసేవాళ్ళు అనుకున్నారు. సీరియల్ అయిపోయేసరికి అలాంటి కార్లు ఇంచుమించు 300 తుక్కయ్యాయి.

ఎందుకు తుక్కయ్యాయి? ఎగిరినందుకు కాదు, దిగినందుకు. ఆ మీటరున్నర ఎత్తునుంచి కారు నేలను తాకేటప్పుడు కిందికి సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తుంది. షాకప్‌లు, టైర్లు కలిసి జానెడు లోతు లొంగి ఆ వేగాన్ని మింగాలి. అంత తక్కువ దూరంలో ఆగిందంటే లోపలి మనిషి నడుము మీద ఒక్క క్షణం అతని బరువుకు సుమారు ఏడు రెట్లు పడుతుంది. ఛాసిస్ వంగుతుంది, ముందు ఇరుసు కుంగుతుంది. ఆ కారు మళ్ళీ తిన్నగా నడవదు. తర్వాతి షాట్‌లో రయ్యిన పోయేది వేరే కారు. ఈ రెండు కార్లకూ మధ్య వున్నది ఒక కత్తిరింపు. తెరమీద బండి దిగదు. దిగబోతుండగా బొమ్మ మారుతుంది. వంగిన ఛాసిస్, డ్రైవరు వెన్నుపూస, అతన్ని తలుపు పగలగొట్టి బయటికి తీయడానికి పరిగెత్తే మనుషులు - వీళ్ళంతా ఆ కత్తిరింపులో పోతారు. 'గాడీ కిధర్ ఉత్రీ' అన్న ప్రశ్న సరిగ్గా ఆ కత్తిరింపు మీద వేలు పెడుతుంది.

శ్రమ ఫలితాన్ని చూపించి శ్రమను దాచడం పెట్టుబడిదారీ సరుకు లక్షణమని మనం ఏనాడో చదువుకున్నాం. స్టంటులో ఆ సూత్రం అక్షరాలా కంటికి కనిపిస్తుంది. 'నైట్ రైడర్'లో డ్రైవరు లేకుండా కారు తనంతట తాను నడుస్తుంది. అలా నడిపించడానికి సీటు ఆకారంలోనే తయారుచేసిన తొడుగు వెనక ఒక డ్రైవరు దాక్కుని నడిపాడు. యంత్రానికి ప్రాణం వున్నట్టు నమ్మించాలంటే, ప్రాణమున్నవాడు కుర్చీ అయిపోవాలన్నమాట. ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఏ అర్థశాస్త్ర గ్రంథంలోనూ నాకు కనిపించలేదు. 1974లో వచ్చిన బాండ్ సినిమా 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్'లో కారు గాల్లో ఒక పూర్తి మెలిక తిరిగి కాలువ అవతల దిగుతుంది. ఇంజనీర్లు కంప్యూటరుతో లెక్కవేసిన దూకుడది. తూకం తప్పకుండా స్టీరింగును కారు నడిమధ్యకు మార్చారు. ఒక్క టేకులో అయిపోయింది. రోజర్ మూర్ పేరు అందరికీ తెలుసు. ఆ కారు నడిపిన బంప్స్ విల్లర్ట్ పేరు ఎందరికి తెలుసు?

మన సినిమాలకు వస్తే, 1999 నాటి 'సమరసింహారెడ్డి' తర్వాత కొన్నేళ్ళపాటు తెలుగు తెరమీద టాటా సుమోలు పక్షుల్లా ఎగిరాయి. సుమోలు లేవని సీమ సినిమా లేదని జనం నవ్వుకున్నారు. కారును అలా బోర్లా పల్టీ కొట్టించే ఒక పద్ధతి హాలీవుడ్‌లో 1974 నాటి 'మెక్‌క్యూ' సినిమాతో వాడుకలోకి వచ్చింది. కారు అడుగున ఒక ఉక్కు గొట్టం బిగించి, దాన్లో బలమైన దుంగముక్క కూరి, మందుగుండుతో నేలకేసి పేలుస్తారు. ఆ తోపుకు కారు తలకిందులవుతుంది. ఇప్పుడు మందుగుండు బదులు నైట్రోజన్ వాయువును బిగబట్టి వదలడం ఎక్కువైంది. దాన్ని మొదట పరీక్షించిన హాల్ నీధం అనే స్టంట్‌మన్ ఆ పరీక్షలోనే ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. మన సుమోలు పైకి లేచినప్పుడు నవ్వినవాళ్ళం, లోపల ఎవరైనా వున్నారా అని అడగలేదు. నవ్వు కూడా ఒక రకం కత్తిరింపే.

2025 జూలై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో, పా. రంజిత్ దర్శకత్వం వహిస్తున్న 'వేట్టువం' చిత్రీకరణలో, వాలుబల్ల మీదుగా కారు దూకించబోతూ స్టంట్ కళాకారుడు మోహన్‌రాజ్ చనిపోయాడు. చిత్రసీమలో ఎస్.ఎం. రాజుగా పేరున్న అనుభవజ్ఞుడు. ఆ రోజు దృశ్యం ఫోన్ల ద్వారా దేశమంతా చూసింది. కత్తిరింపు లేకుండా బండి దిగడం చాలామంది చూసింది అదే మొదటిసారి కావచ్చు. గుర్తింపు సంగతి చెప్పాలంటే, మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో పోరాట దర్శకత్వానికి చోటు దొరికింది 2016 సినిమాలతోనే; తొలి పురస్కారం 'పులిమురుగన్' అనే మలయాళ చిత్రానికి పీటర్ హెయిన్ అందుకున్నాడు. 2023 సంవత్సరానికి తెలుగు 'హను-మాన్' వంతు వచ్చింది. ఆస్కార్ వాళ్ళు 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ రూపకల్పనకు పురస్కారం ఇస్తామని 2025 ఏప్రిల్లో ప్రకటించారు. బహుమతులు పంచడం మొదలెట్టిన దాదాపు వందేళ్ళకు! ఇవన్నీ రూపకల్పన చేసేవాడికి. దూకినవాడి పేరు ఇంకా ఆఖరి అక్షరాల్లోనే, హాల్లో లైట్లు వెలిగాక వస్తుంది.

మెకానిక్ అడిగే ఈ ప్రశ్న సినిమాకే పరిమితం కాదు. 1989లో 'శివ' వచ్చినప్పుడు సైకిల్ చైను ఊడబెరికి చేతికి చుట్టుకోవాలని రాష్ట్రమంతటా కుర్రాళ్ళు ప్రయత్నించారు. చైను ఊడలేదు. లంకె పిన్నును పరికరంతో నెట్టితే తప్ప చైను తెగదని సైకిల్ షాపు కుర్రాడికి తెలుసు. అతను సినిమాను మెచ్చుకున్నాడు, చైను సంగతి మాత్రం ఒప్పుకోలేదు. అదే సినిమాలో పసిపాపను ఎక్కించుకుని సైకిలు మీద కారుకు అందకుండా పారిపోయే దృశ్యాన్ని కూడా వాళ్ళు ఇలాగే విప్పి చూశారు: కెమెరా మనిషి ఎక్కడ కూచున్నాడు, కుదుపు ఎందుకు లేదు? స్టెడికామ్ అన్న మాట పాతబస్తీకి తెలియకముందే దాని అవసరం తెలిసింది.

ఇంతవరకూ చెప్పింది చూసి, నేను అభిమానుల ముచ్చట్లకు పట్టం కడుతున్నానని అనుకునే ప్రమాదం వుంది. ఆ ముచ్చట్లు వినే ఇంకో జట్టు కూడా వుంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు. వాళ్ళకు పని ఇంకా చేతికి రాలేదు, బండి మాత్రం వచ్చింది. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 చిన్న బండి; 98 సీసీ, 11 హార్స్‌పవర్. తేలిక గనక క్లచ్ వదులుతూ యాక్సిలరేటర్ తిప్పితే ముందు చక్రం లేచేది. 2001లో పల్సర్ 'మగతనం' పేరు చెప్పుకుని వచ్చింది. కొన్నేళ్ళకు అదే బండి పేరుతో ఎం.టీ.వీ.లో స్టంటు పోటీల కార్యక్రమమే నడిచింది. 'మీరు ప్రయత్నించకండి' అని కింద చిన్న అక్షరాల్లో వేసి, ప్రయత్నించడానికి కావలసిన బండిని పెద్ద అక్షరాల్లో అమ్మారు.

ఇది వ్యాపారం సంగతి. రోడ్డు సంగతి కూడా చూడాలి. పాతబస్తీ గల్లీల్లో బండి 20 కిలోమీటర్లు దాటదు. ఆడుకోవడానికి మైదానాలు అంతంతమాత్రం. అలాంటి చోట 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా 4 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. రాత్రి పదకొండు దాటాక ఆ ప్రాంతపు పిల్లవాడికి అంత ఖాళీ స్థలం జీవితంలో ఇంకెక్కడా కనిపించదు. ఏటా షబ్-ఎ-బరాత్ రాత్రి నగర పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. మూయడం తప్పనను, ప్రాణాలు దక్కుతాయి. కానీ ఆ వార్తను రాసే తీరులో ఈ వెర్రి ఏదో ఒక మతానికీ, ఒక బస్తీకీ చెందినదన్న సూచన వుంటుంది. రాయదుర్గం ఐటీ రోడ్ల మీద లక్షల రూపాయల బండ్లతో ఇదే పని చేసి పట్టుబడినవాళ్ళ గురించి రాసేటప్పుడు అది 'యువత సాహసం' అవుతుంది. ఒకే వీలీకి రెండు వర్గాల భాష! సౌదీ రియాద్‌లో కార్లను అడ్డంగా జార్చుకుంటూ పోయే యువకుల మీద పాస్కల్ మెనోరే అనే పరిశోధకుడు 2014లో ఒక పుస్తకం రాశాడు. చమురు డబ్బుతో వేసిన విశాలమైన రోడ్లు, నోరెత్తనివ్వని పాలన, చేయడానికి ఏమీ లేని యవ్వనం - ఈ మూడూ కలిసిన చోట ఆ విన్యాసం పుట్టిందని ఆయన చూపించాడు. ఆ రోడ్ల మీద డ్రైవర్లుగా బతికి వచ్చినవాళ్ళు పాతబస్తీలో ఎందరో వున్నారు గనక, మన రచయితలు ఈ వస్తువు కోసం దూరం పోనక్కర్లేదు.

ఫ్లైఓవర్ మీది పిల్లవాడికి లేవడం తెలుసు. క్లచ్ ఎప్పుడు వదలాలో వీడియోలో చూశాడు. లేచిన చక్రం నేలను తాకేటప్పుడు హ్యాండిలు తిన్నగా లేకపోతే బండి అడ్డం తిరుగుతుందని ఆ వీడియో చెప్పదు, ఎందుకంటే అది అక్కడే తెగిపోతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాల మీద పోతున్నవాళ్ళు. అందరూ స్టంటు చేసినవాళ్ళు కాదు. అత్యధికులు పనికి పోతున్నవాళ్ళో, వస్తున్నవాళ్ళో. స్టంటు పిల్లవాణ్ణి పత్రికలు పెద్దగా వేస్తాయి గనక ఈ మాట చెప్పవలసి వచ్చింది. టేబుల్ దగ్గర 'ఎక్కడ దిగింది' అని అడిగే మెకానిక్కుకూ, ఫ్లైఓవర్ ఎక్కే పిల్లవాడికీ మధ్య తెగిపోయిందేమిటో ఆలోచించాలి. వెనకటికి ఆ పిల్లవాడు షెడ్డులో శాగిర్దుగా చేరేవాడు. మొదటి ఏడాదంతా వంగిన ఫోర్కులు తిన్నగా చేయడంతోనే సరిపోయేది. ఇప్పుడు ఫోర్కు వంగితే తీసేసి కొత్తది వేస్తారు. బండి మీద ఫోన్లో చూసిన జ్ఞానం పెరిగింది, చేతితో తాకిన జ్ఞానం తగ్గింది.

ఇక మన ఇంటి సంగతి. అభ్యుదయ కథల్లో, విప్లవ కథల్లో ఎన్నిట్లో బండి దిగుతుంది? సమ్మె మొదలవుతుంది, జెండా లేస్తుంది, గుంపు గేటు వైపు కదులుతుంది, కథ అయిపోతుంది. సమ్మె మూడో నెలలో ఇంటి అద్దె ఎవరు కట్టారు, కిరాణా కొట్టువాడు ఏమన్నాడు, పనిలోకి మళ్ళీ తీసుకున్నప్పుడు ఎవర్ని తీసుకోలేదు - ఇవి రాసినవాళ్ళు లేకపోలేదు, కానీ తక్కువ. లేచే క్షణం దగ్గర ఆపడం మనకూ అలవాటైంది. టెలివిజన్ వాడు వ్యాపారం కోసం అక్కడ కత్తిరిస్తాడు, మనం ఉత్సాహం కోసం. పాఠకుడికి కలిగే ఫలితంలో పెద్ద తేడా వుందని నేను అనుకోను. మెకానిక్ మన కథ చదివినా అదే ప్రశ్న వేస్తాడు.

కత్తిరింపు లేని స్టంటు ఒకటి ఈ నగరంలోనే ఏటా జరుగుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి నాంపల్లిలో జరుగుతున్న నుమాయిష్‌లో 'మౌత్ కా కువా' - మృత్యుకూపం. చెక్కపలకలతో కట్టిన నిలువు బావి. లోపల మోటార్‌సైకిళ్ళూ, మారుతి 800 కార్లూ గోడమీద గుండ్రంగా తిరుగుతాయి. పైన అంచుమీద నిలబడి చూసేవాళ్ళు నోటు చాస్తే, తిరుగుతూనే చేత్తో అందుకుంటారు. గోడ బండిని లోపలికి నెట్టే బలమే టైరుకు పట్టు ఇస్తుంది. ఆ పట్టే బండి బరువును మోస్తుంది. అయిదు మీటర్ల వ్యాసార్ధం వున్న బావిలో టైరు పట్టు సాధారణంగా వుంటే గంటకు 28 కిలోమీటర్ల వేగం చాలు, జారిపడకుండా వుండటానికి. మన సిటీబస్సు వేగం. అంత తక్కువా అని చదువుకున్నవాళ్ళు ఆశ్చర్యపోతారు. పాతబస్తీ నుంచి వచ్చినవాళ్ళు వేగం గురించి అడగరు. పలకల మధ్య బోల్టులు చూస్తారు. బండి పోయినప్పుడల్లా బావి మొత్తం ఊగుతుంటే ఏ పలక ఎక్కువ ఊగుతోందో పక్కవాడికి చూపిస్తారు. ఆట అయిపోయాక వేగం తగ్గించుకుంటూ గోడమీంచి వాలుపలక మీదికి, అక్కణ్ణించి నేలమీదికి బండి దిగేదాకా కదలరు. దిగిన మనిషి ఇంజను ఆపి, వేడెక్కిన సైలెన్సరుకు కాలు తగలకుండా పక్కకు జరిగి, రెంచి తీసుకుని ముందు చక్రం నట్టు బిగిస్తాడు. తర్వాతి ఆటకు టిక్కెట్లు బయట అప్పుడే ఇస్తుంటారు.